సంఘాల మహిళలకు నిల్వ పదార్థాల శిక్షణ: ముందు కాటా కొనండి

మదనపల్లె దగ్గర మహిళా సంఘాల మండల సమాఖ్య ఒకదానిలో పనిచేస్తున్నానని మీరు రాశారు. టమాటా ధర పడిపోయినప్పుడు రైతులు పంటను రోడ్డు పక్కన పారబోయడం చూసి, ముప్పై మంది సంఘ సభ్యులకు పండ్లు, కూరగాయల నిల్వ పదార్థాల మీద ఐదు రోజుల శిక్షణ పెట్టాలనుకున్నారు. జామ్, జెల్లీ, స్క్వాష్, సాస్, టూటీ ఫ్రూటీ, క్యాండీ మొదలుకొని పచ్చళ్ల వరకు పన్నెండు రకాల జాబితా ఇచ్చి, ఇంకేమైనా చేర్చాలా అని అడిగారు.

చేర్చవలసింది ఏమీ లేదు. తీసేయవలసినవి పదో పదకొండో ఉన్నాయి.

నేను గృహ విజ్ఞాన విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. చిత్తూరు వైపూ గోదావరి జిల్లాల్లోనూ ఇటువంటి శిక్షణలు ఎన్ని నడిపానో లెక్క పెట్టుకోలేదు. మొదటి పదేళ్లూ మీ జాబితా లాంటి జాబితాతోనే నడిపాను. రోజుకు రెండు మూడు రకాలు చేసి చూపించేదాన్ని. చివరి రోజు బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, రంగురంగుల సీసాలు వరసగా పేర్చి, అధికారిని పిలిచి, ధ్రువపత్రాలు ఇప్పించి ఫొటో దిగేవాళ్లం. నివేదికలో ఆ ఫొటో ఎప్పుడూ బాగానే ఉండేది.

ఏడాది తర్వాత ఒకసారి వేరే పని మీద ఒక ఊరికి వెళ్తే, మా శిక్షణకు వచ్చిన ఒకావిడ ఇంట్లోకి పిలిచింది. అద్దాల అలమరలో స్టీలు గ్లాసుల పక్కన అనాస జామ్ సీసా ఉంది. నేను చేత్తో రాసి అంటించిన చీటీ ఇంకా ఊడలేదు. “మీరిచ్చిందే మేడమ్, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు” అంది సంతోషంగా. మళ్లీ చేశావా అమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆ ఊళ్లో అనాస పండదు. ఆ ఇంట్లో జామ్ తినేవాళ్లు లేరు. జామ్ గట్టిపడడానికి వేసే పెక్టిన్ పొడి కావాలంటే బస్సెక్కి పట్నం వెళ్లాలి. ఇక ఆమె ఎందుకు చేస్తుంది? ఆ శిక్షణ గురించి నేను రాసి పంపిన నివేదిక కన్నా ఆ సీసాయే నిజం చెప్పింది.

అందుకే ఇప్పుడు ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. ఊళ్లో చవకగా దొరికేది, వాళ్ల ఇళ్లలో ఇప్పటికే చేస్తున్నది, కొనేవాళ్లకు రుచి తెలిసినది, ఈ మూడూ కలిసిన పదార్థం ఒకటి తీసుకోండి. మహా అయితే రెండు. ఐదు రోజులూ దాన్నే చేయించండి. మీ ప్రాంతంలో అది టమాటా నిల్వ పచ్చడి. రెండోది కావాలంటే ఎండు టమాటా ముక్కలు, పొడి. ఆత్రేయపురం వైపు మామిడి తాండ్ర అయినట్టు, పాలమూరు వైపు సీతాఫలం అయినట్టు, మీకు ఇది.

తెలిసిన పచ్చడి మళ్లీ నేర్పడమేమిటని మీకు అనిపించవచ్చు. వాళ్లకూ అనిపిస్తుంది. “మాకు పచ్చడి పెట్టడం నేర్పడానికి వచ్చారా?” అని మొదటి గంటలోనే ఎవరో ఒకరు నవ్వుతూ అంటారు. ఆ మాట నిజమే. ఉప్పు, పులుపు, నూనె, ఎండ: నిల్వకు కావలసిన ఈ నాలుగూ వాళ్ల అమ్మమ్మలకే తెలుసు. అయితే ఒక ఏడు కుదిరిన పచ్చడి మరో ఏడు కుదరదు. ఇంట్లో వాళ్లు సర్దుకుంటారు. డబ్బిచ్చి కొన్నవాడు సర్దుకోడు, రెండోసారి రాడు. మీరు నేర్పవలసింది తూకం.

మొదటి రోజు ఉదయం ఉపన్యాసం వద్దు. ఒక పళ్లెంలో రాళ్ల ఉప్పు పోసి, పక్కన కాటా పెట్టి, ఒక్కొక్కరినీ గుప్పెడు ఉప్పు తీసి తూచమనండి. అంకెలు గోడ మీద రాయండి. ఒక శిక్షణలో అతి చిన్న గుప్పెడు 34 గ్రాములు, అతి పెద్దది 71 గ్రాములు వచ్చింది. తర్వాత ఒకే గ్లాసుతో ఒకసారి రాళ్ల ఉప్పు, ఒకసారి మెత్తని ఉప్పు కొలిచి తూచమనండి. పావు వంతు దాకా తేడా వస్తుంది. సోలలతో, గిద్దెలతో కొలిచే ఇళ్లలో ఉప్పు మారిన ఏడాది ఊరగాయ ఎందుకు బూజు పట్టిందో అప్పుడు వాళ్లే చెబుతారు. ఒక పెద్దావిడ మాత్రం “నా చెయ్యే నాకు కాటా” అని పట్టు పట్టింది. నిజంగానే ఆమె మూడుసార్లు తీసిన గుప్పెడు మూడుసార్లూ ఒకటే తూగింది. “మీ చెయ్యి సరే అత్తా, మీ కోడలి చెయ్యో?” అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆ నవ్వుల్లో నా పని సగం అయిపోయింది.

ఇక పచ్చడి. పది కిలోల టమాటాకు మేము స్థిరపరచుకున్న కొలతలు ఇవి: ఉప్పు 750 గ్రాములు, చింతపండు 600, కారం 600, వేయించిన ఆవ, మెంతి పొడి కలిపి 100, వెల్లుల్లి 200, నూనె లీటరుంబావు. పండ్లు గట్టిగా, ఎర్రగా ఉండాలి. మచ్చ పడినదీ పగిలినదీ చవక అని తేవద్దు. బూజు ఆ పగుళ్లలోనే ఇంటికి వస్తుంది. పండ్లు కడిగిన తర్వాత గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడే కోయాలి. ముక్కల్లో ఉప్పు, కొద్దిగా పసుపు కలిపి మూడు రోజులు మూత పెట్టి ఉంచితే ఊట దిగుతుంది. మూడో రోజు ముక్కలు పిండి ఎండలో పెట్టి, ఊటను వడకట్టి అందులో చింతపండు నానవేయాలి. ముక్క బాగా ఎండిన తర్వాత రెండూ కలిపి రుబ్బి, కారం, పొడులు కలిపి, కాచి చల్లార్చిన తాలింపు నూనె పోయాలి. తాలింపు వేడిగా ఉండగా కారం మీద పోస్తే రంగు నల్లబడుతుంది. ఇది వాళ్లకు మీరు చెప్పనక్కరలేదు, వాళ్లే మీకు చెబుతారు.

చివరికి ఎంత దిగుతుందో తప్పకుండా తూయించండి. మాకు పది కిలోల పండ్లకు ఐదున్నర నుంచి ఆరు కిలోల పచ్చడి వచ్చేది. అంటే ఉప్పు పచ్చడిలో పన్నెండు, పదమూడు శాతం. నిల్వకు అది కావలసిందే. ఉప్పు తక్కువ తినేవాళ్ల కోసమని తగ్గిస్తే ఆ సరుకు ఫ్రిజ్‌లో పెట్టుకోవలసిన పచ్చడి అవుతుంది, దుకాణం బల్ల మీద పెట్టేది కాదు.

ఇక్కడ డబ్బు లెక్క కూడా వాళ్ల చేతే వేయించాలి. చాలా శిక్షణలు ఇక్కడే పొరబడతాయి. టమాటా కిలో ఐదు రూపాయలకు దొరికితే లాభమే లాభం అనుకుంటారు. మేము లెక్క వేసిన నాటి ధరల్లో పది కిలోల టమాటాకు 50 రూపాయలైతే, నూనెకు 190, కారానికి 150, చింతపండుకు వంద దాకా, పావుకిలో సీసాలు ఇరవై నాలుగింటికి 290 అయ్యాయి. టమాటా ఊరికే వచ్చినా ఖర్చు పెద్దగా తగ్గదన్నమాట. అసలు ఖర్చు సీసాలో, నూనెలో, కారంలో ఉంది. సీసాలు వందకు బదులు వెయ్యి ఒకేసారి మూడు సంఘాలు కలిసి కొంటే మిగిలేది, టమాటా బేరంలో మిగలదు. ఇంకో సంగతి. మొదటిసారి లెక్క రాయమంటే ఏ ఒక్కరూ తమ కూలి రాయరు. “మా పనేగా మేడమ్” అంటారు. అదే రోజు పొలం పనికి వెళ్తే ఎంత వచ్చేదో ఆ గడిలో రాయించండి. రాసిన తర్వాత లాభం మాయమైతే ఆ సరుకు వాళ్లకు అక్కరలేదు. శిక్షణ మొదటి వారంలోనే అది తెలియడం మంచిది, అప్పు తీసుకున్నాక తెలియడం కన్నా.

రోడ్డు పక్కన పారబోసే పంటను ఈ ముప్పై మంది ఆపగలరా అంటే, ఆపలేరు. ఒక సంఘం రోజుకు యాభై, వంద కిలోలు చేస్తే గొప్ప. మీ మార్కెట్‌కు కాలంలో రోజుకు వందల టన్నులు వస్తాయి. రైతులకు ఆ ఆశ పెట్టకండి. పైగా 2023 జులైలో అదే మదనపల్లెలో కిలో 150 రూపాయలు దాటింది. ఆ ధరలో పచ్చడి పెట్టడం కుదరదు, అలాగని ఏడాదిలో నాలుగు నెలలు సరుకు లేదంటే దుకాణదారు మరొకరిని చూసుకుంటాడు. అందుకే రెండో పదార్థంగా ఎండు ముక్కలు చెప్పాను. చవకగా ఉన్నప్పుడు ఉప్పు పట్టించి ఎండబెట్టి దాచుకుంటే ఏడాది పొడుగునా కొంచెం కొంచెంగా పచ్చడి చేసుకోవచ్చు. మన ఒరుగుల తెలివే ఇది. మామిడికీ గోరుచిక్కుడుకీ చేసిన పనే టమాటాకు చేస్తున్నాం.

టమాటాలో నీరే 94 శాతం దాకా ఉంటుంది కాబట్టి వంద కిలోలకు ఐదారు కిలోల ఎండు సరుకే వస్తుంది. ఇది ముందే చెప్పకపోతే నాలుగో రోజు తట్టలో మిగిలింది చూసి నీరుగారిపోతారు. పాలిథిన్ కప్పిన సోలార్ డ్రయ్యర్ పనికొస్తుంది. లోపల 55, 60 డిగ్రీలు దాటకుండా చూసుకోవాలి, దాటితే ముక్క మాడి పొడి గోధుమరంగు అవుతుంది. పొడి చేయడం మాత్రం మిట్టమధ్యాహ్నం చేయండి. ఒకసారి మేము సాయంత్రం ఆడించి, రేపు పొట్లాలు కడదామని స్టీలు డబ్బాలో మూత సరిగా బిగించకుండా వదిలేశాం. తెల్లారేసరికి డబ్బాలో ఎర్రటి రాయి ఉంది. సుత్తితో కొట్టినా పగల్లేదు. ఈ పొడి గాలిలో తేమను అంతలా పీల్చుకుంటుంది. ఆడించిన గంటలో మందపాటి కవర్లో సీలు పడాలి.

మీ జాబితాలో “కూరగాయల క్యానింగ్” అని ఒక మాట చూశాను. దాన్ని ఈ రోజే కొట్టేయండి. బీన్స్, క్యారెట్, పుట్టగొడుగులు, బేబీ కార్న్ వంటి పులుపు లేని కూరగాయలను మూసిన సీసాలో నిల్వ చేయడం ఇంటి సరంజామాతో చేసే పని కాదు. పులుపును కొలిచే పీహెచ్ (ఈ అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 4.6 కన్నా ఎక్కువగా ఉన్న పదార్థంలో, గాలి ఆడని చోట, క్లాస్ట్రీడియం బొట్యులినం అనే సూక్ష్మజీవి విషం తయారుచేస్తుంది. దాని బీజాలు మరిగే నీటిలో చావవు, ఒత్తిడితో 121 డిగ్రీల దాకా వేడిచేసే యంత్రం ఉండాలి. ఆ విషానికి వాసన ఉండకపోవచ్చు, రుచి తేడా తెలియకపోవచ్చు. ప్రాణం తీస్తుంది. వెల్లుల్లి రెబ్బలు ఉత్త నూనెలో వేసి సీసా మూత బిగించి అమ్మడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మన ఊరగాయలకు ఆ భయం లేకపోవడానికి కారణం పులుపూ ఉప్పూ. టమాటా కూడా ఆ 4.6 గీతకు మరీ దూరంలో ఉండదు కాబట్టే చింతపండు తగ్గించవద్దని చెబుతాను. “పులుపు తగ్గిస్తే రుచి మారుతుంది” అనే మాట అందరికీ తెలుసు. పులుపు తగ్గిస్తే ప్రమాదమని కూడా తెలియాలి.

జామ్, సాస్ పూర్తిగా వద్దనే పట్టుదల నాకు లేదు. మీ దగ్గర తోతాపురి దండిగా ఉంది, పట్నంలో కొనే దుకాణం ముందే కుదిరి ఉంటే మామిడి జామ్ చేయించండి. అప్పుడు ఒక చిక్కు ఉంది. ఏ పుస్తకం చూసినా జామ్ 105 డిగ్రీలకు వచ్చినప్పుడు దించమని ఉంటుంది. అది సముద్ర మట్టానికి రాసిన లెక్క. మదనపల్లె దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ నీరే 98 డిగ్రీల లోపు మరుగుతుంది. గోదావరి జిల్లాలో ఏళ్ల తరబడి చేసిన చేత్తో నేను మదనపల్లె వచ్చి 105 కోసం కాచుకుని కూర్చుంటే జామ్ కాస్తా పాకం ముదిరి గరిటె నిలబడే ముద్ద అయింది. ముందు ఉత్త నీరు మరిగించి థర్మామీటర్ ఎంత చూపిస్తుందో రాసుకోండి, దానికి ఐదు కలపండి. అదే మీ ఊరి జామ్ లెక్క. జామ్‌లో కరిగిన చక్కెర శాతం చూపించే చేతి రిఫ్రాక్టోమీటర్ కొనగలిగితే ఇంకా మంచిది. జామ్‌లో పండు 45 శాతానికి, కరిగిన ఘనపదార్థం (చాలావరకు చక్కెరే) 65 శాతానికి తగ్గకూడదని ఆహార భద్రతా నిబంధన.

టమాటా సాస్ చేస్తే సీసా మెడ దగ్గర నల్లటి వలయం వస్తుంది. కొన్నవాళ్లు కుళ్లిందని తిరిగి తెస్తారు. అది కుళ్లు కాదు. ఇనుప పాత్ర నుంచో మూత నుంచో వచ్చిన ఇనుము, లవంగాల వంటి మసాలా దినుసుల్లోని టానిన్ అనే వగరు పదార్థంతో గాలి తగిలిన చోట కలిసి నల్లబడుతుంది. స్టీలు పాత్ర వాడాలి, లవంగాల తలలు గిల్లేయాలి, వేడిగా ఉండగానే సీసా మెడ దాకా నింపాలి. ఉప్పు చివర్లో వేస్తే ఎరుపు నిలుస్తుంది.

నిల్వ మందుల విషయంలో చెంచా అనే మాట శిక్షణలో వినిపించకూడదు. స్క్వాష్‌లో పొటాషియం మెటాబైసల్ఫైట్ లీటరుకు 0.6 గ్రాములకు అటూ ఇటూ. ఒక చెంచా అంటే ఐదారు గ్రాములు, పది లీటర్లకు సరిపోతుంది. ఒక్క లీటరులో చెంచా వేసిన స్క్వాష్ నేను రుచి చూశాను, గొంతు పట్టేసి దగ్గు ఆగలేదు. ఆ మందును కొద్ది నీటిలో కరిగించి, చల్లారిన తర్వాతే కలపాలి, వేడిలో వేస్తే గ్యాసు పైకి పోతుంది. ఆయాసం ఉన్నవాళ్లను ఆ పనికి పెట్టవద్దు. నేరేడు, ద్రాక్ష వంటి రంగు పండ్లకు ఇది వాడితే రంగు పోతుంది, వాటికి సోడియం బెంజోయేట్. పైన చెప్పిన పచ్చడికి ఈ రెండూ అక్కరలేదు. ఆ పచ్చడినే ఎంచుకోమనడానికి అదీ ఒక కారణం.

ఎవరూ మీటింగులో అడగరు గానీ తప్పకుండా ఎదురయ్యే విషయం ఒకటుంది. నెలసరి వచ్చినవాళ్లు ముట్టుకుంటే ఊరగాయ పాడవుతుందని నమ్మకం. మూడో రోజున నలుగురైదుగురు ఏదో సాకు చెప్పి దూరంగా కూర్చుంటారు. నేను దాని మీద ఉపన్యాసం ఇచ్చి చూశాను, ఎవరూ వినలేదు. తర్వాత ఒక శిక్షణలో ఆ రోజుల్లో ఉన్న ఇద్దరు తమంతట తాము ముందుకు వచ్చి ఒక జాడీ పెట్టారు, మిగిలినవాళ్లు ఇంకో జాడీ పెట్టారు. చేతులు సబ్బుతో కడగడం, పొడి గరిటె రెండింటికీ ఒకటే. నెల తర్వాత విప్పితే రెండో జాడీలోనే, అంటే మిగిలినవాళ్లు పెట్టినదానిలోనే, పైన తెల్లగా బూజు కనిపించింది. ఎవరో తడి గరిటె పెట్టారు. ఆ తర్వాత నేను ఒక్క మాట కూడా అనలేదు, అనవలసిన అవసరం రాలేదు. మీరు కూడా చేయిస్తే వాళ్ల ఇష్టంతోనే చేయించండి, ఎవరు ఏ జాడీ పెట్టారో బయట చెప్పవద్దు.

ముప్పై మంది ఒకేసారి వద్దు. ముప్పై మందిలో పదిమంది చేస్తారు, ఇరవై మంది చూస్తారు. పదిహేను మంది చొప్పున రెండు జట్లు చేయండి. ఐదు రోజులు వరసగా కూడా వద్దు. టమాటా ఊట దిగడానికే మూడు రోజులు పడుతుంది, ముక్క ఎండడానికి మరో రెండు మూడు. మొదటి వారం మూడు రోజులు, రెండో వారం ఒక రోజు, నెల తర్వాత జాడీ విప్పి చూసే రోజు ఒకటి పెట్టుకోండి. ఆ చివరి రోజును బడ్జెట్ లేదని ఎవరైనా తీసేస్తామంటే, మొదటి రోజు ప్రారంభోత్సవం తీసేయమనండి. వేరుశనగ విత్తే రోజుల్లో తేదీలు ఇవ్వకండి. ఉదయం పదికి ముందు పిలవకండి, మూడున్నరకు వదిలేయండి. మండల కేంద్రంలో హాలు బాగుంటుంది కానీ, ఊళ్లో బడి వరండా ఇంకా బాగుంటుంది. చంటిపిల్లల తల్లులు అక్కడికే రాగలరు.

నిపుణులు కావాలంటే మీకు దగ్గరలో కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో అప్పడాలు, పచ్చళ్లు, మసాలా పొడుల మీద పది రోజుల ఉచిత శిక్షణ ఉంటుంది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ, 1950లో పెట్టినది, పెద్ద ఎత్తున చేయాలనుకున్నప్పుడు వెళ్లవలసిన చోటు. ఇప్పుడే అక్కరలేదు.

అమ్మకానికి ఆహార భద్రతా నమోదు తప్పనిసరి. మా సంఘాలకు తీసుకున్నప్పుడు ఏడాదికి 12 లక్షల లోపు అమ్మకాలున్నవారికి రుసుము ఏటా 100 రూపాయలు ఉండేది. పద్నాలుగు అంకెల సంఖ్య వస్తుంది, అది చీటీ మీద ఉండాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి సంస్థల పథకంలో యూనిట్ ఖర్చు మీద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రాయితీ, ఈ పని చేస్తున్న సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల దాకా ప్రారంభ మూలధనం పెట్టారు. కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా అధికారుల దగ్గర తేల్చుకున్నాకే వాళ్లకు ఆ మాట చెప్పండి. రాయితీ కోసం యంత్రాలు కొని, గుడ్డ కప్పి పెట్టిన గదులు నేను చాలా చూశాను. మొదటి రెండు వందల సీసాలు రోలుతో, మిక్సీతో చేసి, అమ్ముడయ్యాక యంత్రం గురించి ఆలోచించవచ్చు.

కొనుగోలు జాబితాలో రెండు కాటాలు రాసుకోండి. పండ్లూ ఉప్పూ తూచడానికి పెద్దది, గ్రాముల వరకు చూపించేది ఒకటి. స్క్వాషో సాసో చేసే ఆలోచన ఉంటేనే రెండోది, నగల కొట్లో వాడేటటువంటి చిన్నది, గ్రాములో పదో వంతు చూపించాలి. కూరగాయల బండి మీది కాటా ఐదు గ్రాముల మెట్లతో చూపిస్తుంది, బెంజోయేట్ తూచడానికి అది పనికిరాదు.